నాలుగు గ్లాసుల నీళ్ళు, ఇరవై అయిదు కరెంట్లు

బస్సు కండక్టరుగా చేరిన ఆడది మొదట నేర్చుకునే విద్య టికెట్టు కొట్టడం కాదు, నీళ్ళు తాగకపోవడం. నేను మొదటి నెలలోనే నేర్చుకున్నాను. డ్యూటీ ఎక్కే ముందు సగం గ్లాసు చాయ్, మధ్యాహ్నం అన్నం తిన్నాక గొంతు తడవడానికి రెండు గుక్కలు, అంతే. దారిలో బస్టాండు ఉంటుంది, బస్టాండులో బాత్రూం ఉంటుంది, బాత్రూంకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలియదు. తాళం లేని చోట తలుపే ఉండదు. మగవాళ్ళకు రోడ్డు పక్కన తుమ్మచెట్టు చాలు. మేము మాత్రం ఒక మండలం దాటి ఇంకో మండలం వచ్చేదాకా పళ్ళు బిగించుకుని టికెట్లు కొడుతూనే ఉండాలి.

మా అత్తమ్మ ఈ విద్యలో నాకంటే ముదురు. ఏ పెళ్ళికో బస్సులో పోవాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేది. పెళ్ళిలో కూర, అన్నం తినేది, చారు వద్దనేది. మజ్జిగ పోస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేది. "నీళ్ళకు గూడ రేషన్ కార్డున్నదా అత్తమ్మా" అని నేను అందరిముందూ వేళాకోళం చేసేదాన్ని. ఆమె నవ్వేది కాదు. మునుగోడు దిక్కు పుట్టి పెరిగిన వాళ్ళకు నీళ్ళంటే అనుమానం ఉండటం వింతేమీ కాదు. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన వాళ్ళు మా వాడకట్టులోనే ఉన్నారు. నల్లా నీళ్ళు వచ్చి కొన్నేళ్ళే అయింది. ఆ భయమే అయి ఉంటుందని అనుకున్నాను.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు తీసేసిన మరుసటి ఏడు ఆమెకు జబ్బు బయటపడింది. బయటపడిందంటే నేను బయటపెట్టాను. అరవై దాటిన మనిషి చీరమీద రక్తం మరక కనబడింది. అడిగితే మొలలన్నది. గట్టిగా అడిగితే నాలుగు నెలలుగా ఉందన్నది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే ముక్క తీసి పరీక్ష చేశారు. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్. కోత పెట్టే దశ దాటిపోయింది, కరెంటు పెట్టాలి అన్నారు. రేడియేషన్‌ను మా దిక్కు అందరూ కరెంటే అంటారు. వారానికి అయిదు రోజులు, మొత్తం ఇరవై అయిదు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన జడ్చర్లలో మందుల కంపెనీలో షిఫ్టుల పని, రెండు వారాలకోసారి వస్తాడు, వచ్చి నిద్రపోతాడు. పట్నంలో గది కిరాయికి తీసుకుని ఉండమంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, తన మగ్గం ఉన్న ఇంట్లోనే పడుకుంటానన్నది. ఇక మిగిలింది నేను. ఉన్న లీవులన్నీ పెట్టాను. మా ఊరి నుంచి చౌటుప్పల్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పట్నం ఇంకో బస్సు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సులో నిలబడ్డాను, లీవు పెట్టి కూడా బస్సులోనే నిలబడ్డాను. టికెట్టు లేదు కదా, సీటూ లేదు. ఆమెకు మాత్రం ఎవరినో ఒకరిని లేపి కూర్చోబెట్టేదాన్ని. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. నాకు రెండూ ఉన్నాయి.

మొదటి రోజు డాక్టరమ్మ చీటీ వెనకాల పెన్నుతో బొమ్మ గీసింది. చిన్న పిల్ల, నా చెల్లెలి వయసు ఉంటుంది. కింద గర్భసంచి, దాని ముందు మూత్రం సంచి, పైన పేగులు.

"చూడు పెద్దమ్మా. ఒంటికి పోయి వచ్చి, నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాలి. గంటసేపు ఆపుకోవాలి. మూత్రం సంచి నిండితే అది ఉబ్బి పేగుల్ని పైకి నూకుతది. అప్పుడు కరెంటు గడ్డకే తగులుతది, పేగులకు తగలదు. సంచి ఖాళీగుంటే పేగులు కిందికి జారి కరెంటుకు అడ్డమొస్తయి. మంచి పేగులు కాలిపోతే విరేచనాలు, రక్తం, ఒక్కోసారి జీవితాంతం బాధ. రోజూ ఒక్క తీరుగనే నిండుండాలె. మర్చిపోవద్దు."

అత్తమ్మ బొమ్మను చూసింది, డాక్టరమ్మను చూసింది, సరే అన్నట్టు తలూపింది. బయటికొచ్చాక నన్నడిగింది, "కడుపునిండ నీళ్ళు పెట్టుకోని కరెంటు పెట్టించుకుంటరా ఎవలన్నా? తడి చెయ్యి పెడితే మోటరు కొట్టి సస్తరు గదా." నాకు నవ్వాగలేదు. ఇది ఆ కరెంటు కాదని, ఫోటో తీసినట్టు కిరణాలు వస్తాయని, నొప్పి కూడా ఉండదని చెప్పాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని నా తెలివంతా వాడాను. మాది నూలుకు కట్లుకట్టి రంగులద్ది చీరలు నేసే ఇల్లు. రంగు ఎక్కకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి కట్టడం నలభై ఏళ్ళుగా ఆమె పని.

"నువ్వు నూలుకు రబ్బరు కడ్తవు గదా అత్తమ్మా. కట్టిన కాడ రంగెక్కదు. గట్లనే ఇది. నీళ్ళు పేగులకు కట్టు."

"కట్టు జర వదులైతే రంగు లోపలికి పాకుతది," అన్నది. "నాకు చెప్తున్నవా."

ఆమె నూలు గురించే మాట్లాడుతోందనుకున్నాను.

అలా మొదలైంది. తెల్లవారక ముందే వంట, బస్సు, ఇంకో బస్సు, వరండాలో బెంచీ. బెంచీ మీద అందరి చేతుల్లో సీసాలు. కరెంటు ఎక్కడ పెట్టాలో పొట్ట మీద పెన్నుతో గీసిన గుర్తులు చెరగకూడదని స్నానంలో సబ్బు మానేయమన్నారు. "గీ రంగు పక్కాగ లేదు, రెండు ఉతుకులకే పోతది" అని అత్తమ్మ ఆ గుర్తులకు కూడా వంక పెట్టింది. నేను టైము చూసి నీళ్ళు తాగించేదాన్ని. ఆమె మందు మింగినట్టు నాలుగు గ్లాసులూ తాగేది. తర్వాత నేను మందుల కిటికీ దగ్గరికో, చీటీ మీద ముద్ర వేయించడానికో పోయేదాన్ని. తిరిగొచ్చేసరికి ఆమె బెంచీ మీదే ఉండేది. పిలిస్తే లోపలికి పోయేది. పది నిమిషాల్లో వచ్చేది. రెండు వారాలకు రక్తం ఆగిపోయింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మూడో వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. కొంచెం అవుతాయని ముందే చెప్పారు కాబట్టి మాత్రలు వేశాం. తగ్గలేదు. అన్నం నోట్లో పెడితే కడుపు పట్టుకునేది. బస్సులో కూర్చుని నొప్పికి కళ్ళు మూసుకునేది, కనురెప్పల కింద నుంచి నీళ్ళు కారేవి. నేను పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి ఏమీ చేయలేక అందరిమీదా కేకలేసేదాన్ని. పదమూడో కరెంటు అయిన రోజు డాక్టరమ్మ లోపలికి పిలిచింది. వారానికోసారి మిషను మీద బొమ్మ తీస్తారట. మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"మొదటి వారం జర తక్కువుండె, చెప్పినం. రెండో వారం ఇట్ల. ఇయ్యాల చూడు, సంచి మొత్తం ఖాళీ. పేగు మొత్తం కిందికొచ్చింది. అమ్మా, నీళ్ళు తాగుతున్నవా లేదా?"

"తాగుతున్న బిడ్డా," అన్నది అత్తమ్మ.

"తాగి?"

ఆమె చూపు తలుపు దాటి వరండాలోకి పోయింది. వరండాలో బాత్రూం మా బెంచీకి పది అడుగుల దూరం. నేను ముద్ర వేయించడానికి పోయినప్పుడల్లా ఈమె ఏం చేసిందో నాకు అప్పుడు తెలిసింది. పేగులు కోలుకునేదాకా వారం రోజులు కరెంటు ఆపాలన్నారు. మధ్యలో ఆపితే గడ్డ మళ్ళీ బలం పుంజుకుంటుంది, అంతకంటే ఆపడానికి లేదు, ఆ తర్వాతైనా సరిగా చేస్తేనే ప్రాణం, పేగులు రెండూ దక్కుతాయి అని చెప్పింది డాక్టరమ్మ.

నేను బయటికొచ్చి అరిచాను. బెంచీ మీద అందరూ వింటుండగానే అరిచాను. "కూసోని నీళ్ళు ఆపుకొమ్మన్నరు, రాళ్ళు మొయ్యమన్నరా? నేను నౌకరి ఇడిసిపెట్టి నీ ఎంట తిరుగుతున్న. సచ్చిపోవాలని ఉంటే ఇంట్లనే సావరాదు!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, ఇంకెవరూ అనలేదు. ఆమె తన బట్టసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

మరునాడు ఆమె పడుకుని ఉంటే సంచీ ఉతుకుదామని బోర్లించాను. పాత చీర గుడ్డలు, నాలుగు మడతలు పెట్టినవి, ఎనిమిదో పదో పడ్డాయి. రక్తం ఆగి వారం కావస్తోంది. ఇవి ఎందుకని అడిగాను. నిన్నటి కోపం ఇంకా గొంతులో ఉంది. ఆమె గోడ వైపు తిరిగింది. తర్వాత గోడకే చెప్పింది.

"నీ మొగుడు పుట్టినప్పటిసంది. కడుపుల అడ్డం తిరిగిండు. మూడు దినాలు నొచ్చిన. మంత్రసాని చెయ్యి పెట్టి గుంజింది. గప్పటిసంది నాకు ఆగది. దగ్గితె పడ్తది, తుమ్మితె పడ్తది, మగ్గం గుంటల దిగితె పడ్తది. మీ మామకు గూడ చెప్పలే. నీళ్ళు తాగకుంటె ఏం కాదు. తాగితెనే."

"మరి డాక్టరమ్మకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? ఆడ లోపల ఉండేది ఇద్దరు పోరగాండ్లు. లంగ కిందికి గుంజి బల్ల మీద పండవెడ్తరు. గా బల్ల మీద, గా పోరగాండ్ల ముంగట పడితే, మళ్ళ తెల్లారి ఏ మొఖం పెట్టుకోని పోవాలె? పేగులు కాల్తె కాలనియ్యి."

నాకు సిగ్గేసింది. ఆమె గురించి కాదు, నా గురించి. నీళ్ళకు రేషన్ కార్డు అని పెళ్ళి బంతిలో నేను అన్నప్పుడల్లా నవ్విన ముఖాలు గుర్తొచ్చాయి. పంతొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే దండెం మీద బట్టలు ఆరేశాం. ఆమె గుడ్డలు ఎక్కడ ఆరేస్తుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఉతికి బయటి దండెం మీదే ఆరేశాను. ఆమె వద్దన్నది, నేను వినలేదు.

సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాను. ఒకసారి బస్సు నిండుగా ఉంది, నాకు జ్వరం, మాత్రలకని నీళ్ళు తాగాను. స్పీడు బ్రేకరు దగ్గర డ్రైవరు గట్టిగా ఎగరేశాడు. అంతే. బట్టల మీద వేసుకున్న ఖాకీ చొక్కా విప్పి నడుముకు చుట్టుకుని, చివరి స్టాపు దాకా నిలబడే టికెట్లు కొట్టాను.

అత్తమ్మ ఇటు తిరిగింది. "ఏ బస్సుల?"

"హాలియా బస్సుల."

"గాళ్ళంతా చూసిన్రా?"

"చూసినా ఏమంటరు? టికెట్లు నా చేతిల ఉన్నయి గద."

జబ్బు వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ కడుపు పట్టుకుంది. రోలొచ్చి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మా ఇద్దరి సంగతి.

ఆ వారమంతా సాధన చేశాం. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కింది కండరాలు బిగించి వదిలే కసరత్తు చెప్పింది, నాలుగు గ్లాసులు కష్టమైతే మూడుతో మొదలుపెట్టండి, ఎంతైనా సరే రోజూ అంతే ఉండాలి అన్నది. మగ్గం పలక మీద అత్తమ్మను కూర్చోబెట్టి నీళ్ళు తాగించేదాన్ని. ఆమెకు గడియారం చూస్తే గాబరా. అందుకని నేను స్టేజీలు పిలిచేదాన్ని. "చౌటుప్పల్ దాటినం... మల్కాపురం... అబ్దుల్లాపూర్‌మెట్..." మొదటి రోజు మల్కాపురం కూడా రాకముందే లేచి ఉరికింది. మూడో రోజు హయత్‌నగర్ దాకా వచ్చింది. వారం చివరికి, గుడ్డ తడిసినా సరే, దిల్‌సుఖ్‌నగర్ దాకా కూర్చుంది. నాకు మాత్రం అలసటతో నిజంగా బస్సులో ఉన్నట్టే కళ్ళు మూతపడేవి.

మళ్ళీ దవాఖానకు పోయిన రోజు, మిషను గదిలో పనిచేసే పిల్లవాళ్ళలో పెద్దవాణ్ణి పక్కకు పిలిచాను. ఎలా చెప్పాలో తెలియక ముందు కోప్పడ్డాను. అతను కోపాన్ని పట్టించుకోలేదు.

"గింతేనా అక్కా? వారానికి ఒకరిద్దరన్నా పోస్తరు. తుడుస్తం. కింద షీటు ఏస్త. గాని కరెంటు నడుస్తుండంగ కదలొద్దు. అది ముఖ్యం."

బెంచీ దగ్గరికొచ్చి అత్తమ్మతో ఆ మాట చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా పద్నాలుగు, పదిహేను గడిచాయి. రెండు రోజులూ బాత్రూం వైపు పోకుండా నేను ఆమె పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కాపలా కాశాను.

పదహారో రోజు మిషను ఆగిపోయింది. అప్పటికి ఆమె నీళ్ళు తాగి గంట కావస్తోంది, మా ముందు ఒక్కరే ఉన్నారు. ఎవరో మెకానిక్కును పిలిచారు. పది నిమిషాలన్నారు. వరండాలో ఫ్యాను లేదు. అత్తమ్మ మోకాళ్ళు దగ్గరికి బిగించి, నా మణికట్టు పట్టుకుంది. రబ్బరు బిగించిన చేతులవి, ఆ పట్టుకు నా గాజు విరిగింది. పోయి రా, మళ్ళీ తాగుదువు అన్నాను. మళ్ళీ తాగితే మళ్ళీ గంట కావాలి, అప్పటికి మిషను ఉంటుందో లేదో, ఇవాళ్టిది పోతే ఇంకో రోజు కొట్టుకుపోతుంది అని ఆమే నాకు లెక్క చెప్పింది. నేను చెవిలో స్టేజీలు పిలవడం మొదలుపెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ దాటింది. చాదర్‌ఘాట్ దాటింది. నా దగ్గర స్టాపులు అయిపోతున్నాయి.

మిషను నడిచింది. మా ముందున్నావిడ లేచింది. బుర్ఖా వేసుకున్న పెద్దావిడ, ఆమెకు గొంతులో జబ్బు. నోరంతా పుండ్లు పడి మాట సరిగా రాదు, ఉప్పునీళ్ళ సీసా ఎప్పుడూ చేతిలో ఉంటుంది. ఆమె అత్తమ్మ ముఖం చూసింది. తన చీటీ తీసి మా చీటీ కిందపెట్టి, చేత్తో పో పో అన్నది. నేను అత్తమ్మ చెయ్యి పట్టి లేపాను.

అత్తమ్మ చిన్న చిన్న అడుగులు వేస్తూ లోపలికి పోయింది. తలుపు పైన ఎర్ర లైటు వెలిగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అన్ని వారాల్లో అంత అలసట నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ లైటు ఆరేదాకా ఆమె కదలకూడదు, ఆ పేగులు కిందికి జారకూడదు. నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. కాస్త ఆగు అత్తమ్మా, కాస్త ఆగు అని మాత్రం అనుకుంటూ ఉన్నాను.

లైటు ఆరింది. మామూలుకంటే చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్తమ్మ లంగా, చీర కుచ్చిళ్ళు నీళ్ళు కారుతున్నాయి. బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ చూశారు. నేను గబగబా అడ్డం పోయి నా చున్నీ తీసి చుట్టబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు పెట్టింది.

"లైటు ఆరినంకనే ఇడిసిన," అన్నది. "అంతదాకా చుక్క పడనియ్యలే. గా పిలగాన్ని అడుగు."

వెనకాలే ఆ పిల్లవాడు తుడుపుకర్రతో వచ్చాడు. బొమ్మ తీశామని, సంచి నిండుగా ఉందని, పేగు మొత్తం పైనే ఉందని చెప్పాడు. నేను అక్కడే, ఆ తడి నేల పక్కనే కూలబడి ఏడ్చాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. భయానికి కొంత, అలసటకు చాలా.

అత్తమ్మ నా తల మీద చెయ్యి వేసింది. "ఇంకెన్నున్నయి బిడ్డా?"

"తొమ్మిది."

"అయితే తొమ్మిది లంగలు సంచిల పెట్టు."

ఇంటికి పోయి పెట్టె తీసి చూశాను. ఆమెకు తొమ్మిది లేవు, నాలుగే ఉన్నాయి. మిగిలిన అయిదు నావి పెట్టాను.